ఏవన్, అవ్వల్ దర్జా, ఇత్తనపు గింజ

పెద్దమందడి చుట్టుపక్కల ఏ ఊరి కల్లంలోనైనా పల్లికాయ బస్తా మూతి విప్పగానే ముందు చెయ్యి లోపలికి పోతుంది, మాట ఆ తర్వాత వస్తుంది. కొనేవాడు మోచేతిదాకా చెయ్యి జొనిపి అడుగున ఉన్న కాయ గుప్పెడు తీస్తాడు. ఒక కాయను చెవి దగ్గర పెట్టి ఆడిస్తాడు. వేళ్ల మధ్య చిట్లించి, గింజ మీది ఎర్రపొరను బొటనవేలితో రుద్ది, నోట్లో వేసుకుని కాసేపు నములుతాడు. అప్పుడంటాడు, "ఏవన్ మాల్" అని. పక్కన నిలబడ్డ పెద్దాయన అదే గింజను చూసి "అవ్వల్ ఉన్నది" అంటాడు. డిగ్రీ చదివే మనవడు "సూపర్ ఉంది తాతా" అంటాడు. గింజ ఒకటే. దాన్ని మెచ్చిన మాటలు మూడు దారుల్లో మా ఊరికి చేరాయి.

గొప్పదనాన్ని చెప్పే ఇలాంటి మాటల మీద నాకు చాలా ఏళ్లుగా ఆసక్తి. ఎక్కడ పుట్టాయి, ఎవరు వాడతారు, ఏవి నిలుస్తాయి, ఏవి పాతబడతాయి అని చూస్తూ వచ్చాను. చూసినకొద్దీ ఒక తేడా తేటపడింది. మెచ్చుకోలు వేరు, మదింపు వేరు. మెచ్చుకోలు మనసులోని సంబరం. మదింపు చేతిలోని కొలత. పాతకాలపు మాటల్లో చాలావాటి వెనక ఎవరో ఒకరు కూర్చుని తూచో, గీచో, చూసో తేల్చిన పని ఉంది. ఆ పని మరుగున పడ్డాక కూడా మాట మిగిలింది.

'ఏవన్' అందుకు మంచి ఉదాహరణ. 17వ శతాబ్దం చివర లండన్‌లో ఎడ్వర్డ్ లాయిడ్ అనే ఆయన కాఫీ హోటల్ నడిపేవాడు. ఓడల యజమానులు, సరుకు పంపే వర్తకులు, బీమా రాసేవాళ్లు అక్కడ కూడేవారు. బీమా రాసేవాడికి ఓడ కంటికి కనబడదు. అది ఏ రేవులోనో ఉంటుంది. దాని మీద ఎంత సొమ్ము పెట్టొచ్చో ముందే తెలియాలి. అందుకని 1760లో ఆ హోటల్‌కు వచ్చే వర్తకులే సంఘంగా ఏర్పడి ఓడల చిట్టా ఒకటి మొదలుపెట్టారు. ఓడ దేహం ఎంత గట్టిగా ఉందో చెప్పడానికి ఏ, ఈ, ఐ, ఓ, యూ అని ఇంగ్లీషు అచ్చులు వాడారు. తెరచాప కొయ్యలు, తాళ్లు, లంగర్లు ఎలా ఉన్నాయో చెప్పడానికి మొదట్లో వేరే అక్షరాలు వాడి, 1775 ప్రాంతంలో అంకెలకు మారారు. దేహం 'ఏ', సామాను 'ఒకటి' అయిన ఓడ ఏవన్ ఓడ. చిట్టాలో ఆ గుర్తు ఉంటే బీమా రాసేవాడు నిశ్చింతగా సంతకం పెట్టేవాడు.

ఆ గుర్తు రేవు దాటి ఊళ్లోకి రావడానికి ఎంతో కాలం పట్టలేదు. 1837 నాటికే చార్లెస్ డికెన్స్ 'పిక్విక్ పేపర్స్'లో ఒక మనిషిని మెచ్చుకోవడానికి దాన్ని వాడాడు. ఓడ పోయి మనిషి వచ్చాడు, మనిషి వెంట గుర్రం, కాఫీ, చొక్కా అన్నీ వచ్చాయి. ఇవాళ ఇంగ్లీషువాళ్లలో అది తాతల కాలపు మాట. మన దగ్గర మాత్రం మెకానిక్ షెడ్డులో, మాంసం కొట్టులో, టైర్ల దుకాణంలో ఇంకా చలాకీగా తిరుగుతోంది. "ఇంజన్ ఏవన్ కండిషన్ సార్" అన్న మాట వినకుండా మా వైపు ఎవరూ పాత ట్రాక్టర్ కొని ఉండరు.

ఇక్కడ నన్ను ఆకట్టుకునే సంగతి ఒకటుంది. మా పాలమూరుకు సముద్రం లేదు. బీచుపల్లి దగ్గర, జూరాల దగ్గర కృష్ణలో తిరిగే పుట్టి తప్ప మాకు తెలిసిన ఓడ లేదు. వెదురు అల్లి, మీద కప్పు వేసి, తారు పూసిన ఆ గుండ్రటి పుట్టికి అక్షరాలూ అంకెలూ ఎవరూ ఇవ్వలేదు. అయినా నీళ్లలోకి దింపేముందు దాన్ని బోర్లించి, తారు ఎక్కడ పగిలిందో అరచేత్తో తడిమి చూసే మనిషి చేసేది లాయిడ్ హోటల్ వాళ్లు చేసిన పనే. మునిగితే పోయేది వాళ్లకు సొమ్ము, ఇతనికి ప్రాణం.

'అవ్వల్ దర్జా' మాకు ఇంకా దగ్గరి మాట. అవ్వల్ అంటే అరబ్బీలో మొదటిది. దర్జా అంటే మెట్టు. రెండూ ఉర్దూ మీదుగా నైజాం కచేరీల్లోకి, అక్కడినుంచి పల్లెలోకి వచ్చాయి. మొదటి సాలార్ జంగ్ 1865లో రాజ్యాన్ని జిల్లాలుగా విడగొట్టాడు. ఆ ఏర్పాటులో జిల్లా అధికారి పేరు అవ్వల్ తాలూక్దార్. ఆయన కింద దోయం తాలూక్దార్, ఆ కింద సోయం తాలూక్దార్. ఒకటి, రెండు, మూడు అని అంత సూటిగా వరసపెట్టిన పేర్లు. వనపర్తి, గద్వాల, కొల్లాపూర్ సంస్థానాలకు సొంత రాజులున్నా కాగితం మీది మాట హైదరాబాద్ మాటే. కచేరీకి వెళ్లి వచ్చిన ప్రతివాడి నోటా 'అవ్వల్' ఊరికి వచ్చింది. నేలలో అవ్వల్, ఎద్దుల్లో అవ్వల్, పొగాకులో అవ్వల్.

దర్జా మాత్రం దారిలో వేషం మార్చుకుంది. "దర్జాగా బతుకుతున్నాడు" అంటే ఇవాళ ఇస్త్రీ చొక్కా, చేతికి గడియారం గుర్తొస్తాయి. మెట్టు అన్న అర్థం పోయి, మెట్టెక్కినవాడి నడక మిగిలింది. మాటల బతుకులో నాకు చాలా ఇష్టమైన మలుపు ఇది.

ఇంగ్లీషుకూ ఉర్దూకూ ముందు మనకేమున్నాయి అంటే, కొలతతో పుట్టినవే ఎక్కువ. 'నాణ్యం' అన్న మాట నాణెం ఇంటిది. వెండి ఎంత, కల్తీ ఎంత అని చూసేవాడి బల్ల మీద పుట్టింది. 'వన్నె' బంగారానికి వేసే లెక్క. పదహారు వన్నెల బంగారం అంటే ఇక ఎక్కడానికి మెట్టు లేదని. 'గీటురాయి' నిజంగానే నల్లటి రాయి, దాని మీద గీసి చూస్తారు. వేదాన్ని ఘనపాఠంలో చెప్పగలిగిన 'ఘనాపాఠి' ఆ పేరును పరీక్షలో నెగ్గి తెచ్చుకునేవాడు. ఇవాళ చీట్లపేకలో ఘనాపాఠి కూడా ఉన్నాడు, అది వేరే సంగతి.

ఈ వరసలో 'పదహారణాల' మాటను కాస్త ఆగి చూడాలి. రూపాయికి పదహారణాలు గనక పదహారూ ఉన్నది సంపూర్ణం. పదహారణాల తెలుగుపిల్ల, పదహారణాల రైతు. అయితే మా వైపు ఆ మాట అన్నప్పుడు, ఏ రూపాయికి పదహారణాలు అని అడగాల్సిన రోజులుండేవి. నైజాం రూపాయి హాలీ. ఇంగ్లీషువారి రూపాయి కల్దార్, అంటే యంత్రంతో కొట్టినది. రెండింటికీ అణాలు పదహారే, విలువ మాత్రం వేరు. 7 హాలీ రూపాయలు పెడితే 6 కల్దార్లు వచ్చేవి. ఇవి చాలవన్నట్టు 19వ శతాబ్దంలో గద్వాలలో, నారాయణపేటలో, వనపర్తిలో కూడా టంకశాలలు నడిచాయి. సంతకు పోయిన రైతు చేతికి వచ్చిన రూపాయి ఏ టంకశాలదో, మోగుతుందో లేదో రాతి మీద వేసి విని మరీ మొలలో దోపుకునేవాడు. అలాంటి చోట నాణ్యం అన్నది పొగడ్త మాత్రమే కాదు, రోజూ చెవితో తేల్చుకోవలసిన విషయం. 1957 ఏప్రిల్ 1న రూపాయిని వంద నయాపైసలు చేశారు. అణాను చేత్తో పట్టుకోని మనవరాలు కూడా ఇవాళ "పదహారణాల పండగ" అంటోంది. మాట ఎంత మొండిదో చూడండి.

మాటల్లో ఇంకో పోలిక నన్ను ఎప్పుడూ ఆశ్చర్యపరుస్తుంది. మన 'మేలు'కు మూలం 'మేల్', అంటే పైన. పెళ్లిపందిట్లో పైన కట్టే గుడ్డ మేలుకట్టు అయింది అందుకే. 'జబర్దస్త్' పారసీ మాట. జబర్ అంటే పైన, దస్త్ అంటే చెయ్యి. చెయ్యి పైనున్నవాడు జబర్దస్త్. 'సూపర్' లాటిన్ మాట, దానికీ అర్థం పైన అనే. వేరువేరు చోట్ల పెరిగిన భాషలు గొప్పదాన్ని చూడగానే తల పైకెత్తాయి. పల్లికాయ బస్తా దగ్గర తాత మేలు రకం అన్నా, తండ్రి జబర్దస్త్ అన్నా, మనవడు సూపర్ అన్నా వేలు చూపించేది ఒకే దిక్కు. కొత్త మాట వచ్చిందని కొందరు పెద్దలు కోప్పడితే నాకు కోపం రాదు. నేను వెతికేది వేరు. సూపర్ అన్న పిల్లవాడు గింజ చిట్లించి చూశాడా?

గింజ చిట్లించకుండానే పుట్టిన మాటలు అన్ని భాషల్లోనూ ఉన్నాయి. 1920ల అమెరికా కుర్రకారు గొప్ప వస్తువును 'తేనెటీగ మోకాళ్లు' అన్నారు. 'పిల్లి పైజామా' అన్నారు, 'పిల్లి మీసాలు' అన్నారు. అర్థం వెతకడం దండగ, అది జాజ్ సంగీతం నాటి ఉత్సాహం. చిత్రమేమంటే అంతకు వందేళ్లకు పైగా ముందు ఇంగ్లీషులో తేనెటీగ మోకాలు అంటే లెక్కలోకి రానంత చిన్నది అని అర్థం. మన దగ్గర 'కేక', 'దుమ్ములేపాడు', 'ఇరగదీశాడు', 'తోపు' ఈ జాతివే. కొన్ని ధ్వని, కొన్ని ధ్వంసం. 'ఖతర్నాక్' అసలు అర్థం ప్రమాదకరం. హైదరాబాద్ గల్లీలో అదే మెచ్చుకోలైంది. 'జబర్దస్త్' పేరుతో 2013లో టీవీ హాస్య కార్యక్రమం మొదలయ్యాక ఆ మాట విన్నవాళ్లకు ముందు నవ్వు గుర్తొస్తోంది. 'శభాష్' మాత్రం పాతదే అయినా కొలత మాట కాదు. పారసీలో 'సంతోషంగా ఉండు' అన్న దీవెన. బరువెత్తిన పిల్లవాడి వీపు తట్టడానికి అంతకంటే మంచి మాట నాకు దొరకలేదు. చప్పట్లు కొట్టే మాటలు చప్పట్ల పని చేస్తాయి. వాటిని తూకం రాళ్లుగా వాడినప్పుడే చిక్కు.

తూకం రాళ్ల సంగతి తెలియాలంటే పెబ్బేరు సంతకు వెళ్లాలి. శనివారం పొద్దున పశువుల దగ్గర నిలబడితే విశేషణాలు చాలా తక్కువ వినబడతాయి. కొనేవాడు కోడె పెదవి పైకెత్తి పండ్లు చూస్తాడు. రెండు పండ్లా, నాలుగా, ఆరా అన్నదాన్ని బట్టి వయసు. సుడి ఎక్కడుందో చూస్తాడు. డెక్క చూస్తాడు. నాలుగడుగులు నడిపించి వెనకనుంచి చూస్తాడు. బేరం రుమాలు కింద, వేళ్లతో. నేను ఒకసారి ఒక తెల్లకోడెల జత దగ్గర ఆగి, "జోడి బాగుంది పెద్దయ్యా" అన్నాను. ఆయన నా మొహం చూసి, "ఏం బాగున్నది బిడ్డా? చెప్పు" అన్నాడు. నేను తడబడ్డాను. అప్పుడాయన తానే చెప్పాడు: "రెండింటికీ ఆరు పండ్లు. ఎత్తు సమానం. కాడి కింద ఒక్కటే నడక. గందుకు అవ్వల్ జోడి." ఆ మూడు ముక్కల తర్వాత వచ్చిన 'అవ్వల్'కు ఎంత బరువుందో ఆ రోజు తెలిసింది.

గద్వాల మగ్గం దగ్గర కూడా ఇంతే. నూలు బట్టకు పట్టు అంచు, పట్టు కొంగు కలిపి నేయడం ఆ చీర ప్రత్యేకత. కుప్పడం అంటారు. అంచు ఒక దారం, ఒళ్లు ఇంకో దారం. ఆ కలయిక దగ్గర వేలు రాస్తే తట్టుకోకూడదు. కొన్నవాళ్లు రంగు చూస్తారు, నేసినవాళ్లు చీరను తిరగేసి ఆ కలయిక చూస్తారు. జరీ దగ్గరికి వస్తే టెస్టెడ్, హాఫ్ ఫైన్ అని మాటలు ఖచ్చితంగా ఉంటాయి. మంచిది, చెడ్డది అనరు. గద్వాల చీరకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. 1999 నాటి చట్టం ఇచ్చే ఆ గుర్తు, నా దృష్టిలో, లాయిడ్ చిట్టాకు మనవరాలు. దూరాన ఉన్న కొనుగోలుదారుకు ఇది ఫలానా చోటిదే అని చెప్పే హామీ.

ఓడల చిట్టాలోని 'ఏ' అక్షరం ఇవాళ మా వడ్ల కుప్ప మీద కూర్చుంది. కేంద్రం మద్దతు ధర ప్రకటించేటప్పుడు వడ్లను 'గ్రేడ్ ఏ', 'సాధారణం' అని రెండుగా చేస్తుంది. 2024-25లో సాధారణ రకానికి క్వింటాలుకు 2,300 రూపాయలు, గ్రేడ్ ఏకు 2,320. ఆ అక్షరం విలువ 20 రూపాయలు. తేమ 17 శాతం దాటకూడదు. తేమ యంత్రంలో నాలుగు గింజలు వేసి చూసే ఆ క్షణంలో రైతు మొహం చూడాలి. 2024 వానాకాలంలో రాష్ట్ర ప్రభుత్వం సన్నాలకు క్వింటాలుకు 500 రూపాయల బోనస్ ఇచ్చింది. అప్పటిదాకా సన్నం, దొడ్డు అన్నవి నోటి మాటలు. కొనుగోలు కేంద్రాల్లో కాలిపర్ పెట్టి గింజ పొడవు వెడల్పు కొలవడంతో అవి మిల్లీమీటర్లయ్యాయి. తల్లి చేట మీద చూసి చెప్పేదాన్ని కొడుకు ఇనుప పరికరంతో రుజువు చేసుకోవాల్సి వచ్చింది. ఇది మంచిదే. ఒకరి మాట మీద కాకుండా కొలత మీద ధర పలకాలి. కాకపోతే, చేట మీది ఆ చూపుకు పదును ఎక్కడిదో కూడా ఎవరైనా రాసిపెట్టాలి.

ఇక అసలు బాధ. పాలమూరు అన్న పేరు దేశమంతా ఒక నాణ్యం ముద్రలా తిరిగింది. ఆనకట్ట కావాలన్నా, కాలువ కావాలన్నా, కట్ట పోయాలన్నా మేస్త్రీలు మొదట వెతికింది పాలమూరు కూలీలనే. మట్టిని చేతిలో నలిపి, ఎంత తడి పట్టాలో, ఎంత మందాన పరచాలో, ఎప్పుడు దిమ్మిస కొట్టాలో వాళ్లకు తెలుసు. కట్ట నిలిచిందంటే ఆ చేతుల వల్లనే. కానీ కనీస వేతనాల పట్టికలో ఉండే అన్‌స్కిల్డ్, సెమీ స్కిల్డ్, స్కిల్డ్ అనే మెట్లలో మట్టి తవ్వి మోసే మనిషి చోటు అట్టడుగు మెట్టు. దర్జా అంటే మెట్టు అని పైన చెప్పాను కదా. అవ్వల్ పనివాడని ఊరూరా పేరున్న మనిషికి కాగితం మీద దక్కింది చివరి దర్జా. గొప్పదనాన్ని చెప్పే మాటల మీద ఎంత పరిశోధన చేసినా ఈ ఒక్క పట్టికను పక్కన పెట్టి చేస్తే అది సగమే. ఏ పనిని గొప్పదని కొలవాలో నిర్ణయించేది ఎవరు అన్న ప్రశ్న అక్కడే ఉంది.

ఆ ప్రశ్నకు సాహిత్యంలో ఒకసారి మా గడ్డ మీదినుంచే జవాబు వచ్చింది. తెలంగాణలో కవులు లేరని ఒకరు రాస్తే, గద్వాల ప్రాంతంలో పుట్టి 1952లో వనపర్తి నుంచి శాసనసభకు గెలిచిన సురవరం ప్రతాపరెడ్డి, తిట్టుకు తిట్టు రాయలేదు. మేమూ గొప్పవాళ్లమే అని విశేషణాలు పేర్చలేదు. 1934లో 'గోలకొండ కవుల సంచిక' తెచ్చారు. అందులో 354 మంది కవులు. చదివి తేల్చుకోండి అని గింజను చేతిలో పెట్టినట్టు. ఆయన 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర' 1955లో తెలుగుకు మొదటి కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి తెచ్చింది. అప్పటికి ఆయన లేరు. జనం తిండి, బట్ట, ఆట, సంతల నుంచి చరిత్ర రాసిన మనిషికి ఆ బహుమతి రావడం నాకు ఎప్పుడు తలుచుకున్నా గర్వంగా ఉంటుంది.

ఈ మాటల మీద జరిగిన పని సంగతి చెప్పాలి. బ్రౌను 1852లోనే తన పెద్ద నిఘంటువుతోపాటు కచేరీ, వ్యాపార మాటలకు 'జిల్లా నిఘంటువు' వేరుగా వేశాడు. అన్యదేశ్యాలని చిన్నచూపు చూడకపోవడం ఆయన గొప్పతనం. భద్రిరాజు కృష్ణమూర్తి పూనికతో మాండలిక వృత్తి పదకోశాలు వచ్చాయి, 1962లో వ్యవసాయం, 1971లో చేనేత. ఊరూరా తిరిగి పోగుచేసిన పని అది, దానికి నేను చేతులెత్తి నమస్కరిస్తాను. నలిమెల భాస్కర్ 'తెలంగాణ పదకోశం' మన నోటి మాటలకు పుస్తకంలో చోటిచ్చింది. అయినా ఇవన్నీ వస్తువుల పేర్లు, పనుల పేర్లు పట్టినంతగా రకాల పేర్లను, వాటి వెనకున్న పరీక్షలను పట్టలేదని నా అభిప్రాయం. నాగలికి ఎన్ని భాగాలో దొరుకుతుంది. మంచి నాగలి అని ఎలా తేలుస్తారో దొరకదు. ఏవన్ వెనక ఓడల చిట్టా ఉందని రాసిపెట్టుకున్నారు గనకనే ఇంగ్లీషువాళ్లకు ఆ కథ మిగిలింది. పెబ్బేరు సంతలో రుమాలు కింద నడిచే వేళ్ల భాషకు, గద్వాలలో అంచు మీద నడిచే బొటనవేలికి అలాంటి చిట్టా కావాలి. ట్రాక్టర్లొచ్చి ఎద్దులు తగ్గాక ఆరు పండ్ల లెక్క తెలిసినవాళ్లు ఎంతకాలం ఉంటారు?

మొన్న యాసంగి ముందు పెద్దమందడిలో మా బంధువుల ఇంటికి వెళ్లాను. అరుగు మీద పెద్దమ్మ కూర్చుని పల్లికాయ ఒలుస్తోంది. ముందర మూడు కుప్పలు. ముడుచుకున్నవి, చిట్లినవి ఒకవైపు, అవి ఇంట్లో పచ్చడికి. నున్నగా ఉన్నా చిన్నవి ఇంకోవైపు, అవి గానుగకు. మూడో కుప్ప చిన్నది. పొర ఎక్కడా గీరుకోకుండా, ముక్కు విరగకుండా ఉన్న గింజలే అందులో పడుతున్నాయి.

"ఇవి అవ్వల్ రకమా పెద్దమ్మా?" అని అడిగాను.

"అవ్వలో గివ్వలో నాకేం ఎరుక బిడ్డా. ఇది ఇత్తనపు గింజ" అంది.

అంటూనే ఆ కుప్పలోంచి ఒక గింజ తీసి వెలుతురుకు పట్టి చూసింది. ముక్కు దగ్గర సన్నటి గీత ఉందేమో, నాకు కనబడలేదు. దాన్ని గానుగ కుప్పలో వేసి మళ్లీ కాయ చేతిలోకి తీసుకుంది.